పుండు దగ్గర కనిపించిన పురుగే దోషి కాదు

అమెరికాలోని డాలస్ శివార్లలో ఉంటున్న ఒక పాఠకుడు తన ఇంట్లోని సముద్రపు ఆక్వేరియం గురించి దీర్ఘమైన ఉత్తరం రాసి, దానికి 11 ఫొటోలు జతచేశారు. 340 లీటర్ల ఉప్పునీటి తొట్టిని ఆయన మూడేళ్ల క్రితం మొదలుపెట్టారు. ఏడాదిన్నర పాటు చేపలను, మెత్తని పగడాలను మాత్రమే పెంచి, నీటి మీద పట్టు చిక్కిందన్న నమ్మకం కలిగాక కొమ్మల పగడాలైన ఆక్రోపోరాలను, పళ్లెంలా పరుచుకునే మాంటిపోరాను తెచ్చుకున్నారు. ఆగస్టులో, పెంపకందారులు తమ పగడాల ముక్కలను అమ్ముకుని మార్చుకునే ఒక సంతలో రెండు ఆక్రోపోరా ముక్కలు కొన్నారు. సెప్టెంబరులో, తాను అన్నయ్యా అని పిలుచుకునే అక్కడే ఉంటున్న కాకినాడ మిత్రుడొకరు సొంత తొట్టిలోంచి కోసి మరో అయిదు ముక్కలు ప్రేమగా ఇచ్చారు. ఏడింటినీ ఈయన నేరుగా రాళ్లకు అతికించేశారు. అదే నెలలో నీళ్లలో కలిపే ఉప్పు బ్రాండును కూడా మార్చారు.

నవంబరు వచ్చేసరికి ఆక్రోపోరాల రంగు వెలిసిపోయింది. కొమ్మల అడుగు భాగాన ఆవగింజంత పాలిపోయిన గుండ్రటి మచ్చలు కనిపించాయి; రెండు పగడాలు మొదలు నుంచి పైకి తెల్లబడుతూ వచ్చాయి. మాంటిపోరా పళ్లెం అంచు ఒకవైపు తెల్లగా తయారైంది. ఎనిమిదేళ్ల కూతురు తనదని చెప్పుకునే, జోయాంథిడ్లనే చిన్న పువ్వుల్లాంటి జీవులున్న రాయి వారం రోజులుగా విచ్చుకోవడం లేదు. రాత్రి టార్చి వేసి చూస్తే, తెల్లబడిన చోటే గులాబి రంగు ముళ్ల పురుగులూ, అద్దం మీద చిన్న చిన్న నక్షత్ర చేపలూ కనిపించాయి. దొంగలు దొరికారనుకుని ఆయన పదిహేను రాత్రుల్లో ముప్పైకి పైగా పురుగులను పట్టకారుతో ఏరి చంపారు, ఒక బోను కొన్నారు, పురుగులను తింటుందని చెబితే ఆరో క్రాబ్ అనే పీతను కూడా తెచ్చి వదిలారు. పగడాలు మాత్రం కోలుకోలేదు.

ఇంట్లో పరిస్థితి కూడా అంత బాగా లేదు. రాత్రి పన్నెండు దాకా తొట్టి ముందే కూర్చుంటున్నారని భార్య కోపం. రాజమండ్రి నుంచి వచ్చిన మామగారు ఈ చంపడమేమిటని రోజూ ఒక మాట అంటున్నారు. పరిచయస్తులొకరు రాళ్లన్నీ తీసి ఉడకబెట్టి మళ్లీ మొదలుపెట్టమని సలహా ఇచ్చారు. ఇంకో మిత్రుడు వచ్చే నెల గృహప్రవేశానికి తన కొత్త తొట్టిలోకి ఆ ఆకుపచ్చ ఆక్రోపోరా ముక్క ఒకటి కావాలని అడిగారు. సంక్రాంతికి ఇండియా వెళ్తూ విశాఖపట్నంలోని బావమరిదికి కూడా ఒక ముక్క పట్టుకెళ్లాలని ఈయన అనుకుంటున్నారు. పగడాలను తింటున్నదేమిటి, ఏ మందు వాడాలి, ముక్కలిచ్చిన అన్నయ్యతో ఈ సంగతి చెప్పాలా వద్దా, అసలు ఈ తొట్టిని కొనసాగించాలా అన్నవి ఆయన ప్రశ్నలు.

*

ముందుగా ఆ పట్టకారు పక్కన పెట్టండి. మీరు చంపిన ముప్పై పురుగుల్లో ఒక్కటైనా మీ పగడాన్ని తిన్నదని నేను అనుకోవడం లేదు. ఫొటోల్లో ఉన్నవి మామూలు బ్రిసిల్‌వార్మ్‌లు. ఇసుకలోనూ రాళ్ల సందుల్లోనూ ఉంటూ, మిగిలిన మేతనూ చచ్చిన కణజాలాన్నీ తిని బతుకుతాయి. చావుకు ముందు పగడం వదిలే జిగురు వాసన వాటిని రప్పిస్తుంది. పుండు పడ్డాక అవి వచ్చాయి గానీ, అవి వచ్చి పుండు పెట్టలేదు. కళేబరం దగ్గర గద్దను చూసి, గద్దే ఆవును చంపిందని అనుకోవడం లాంటిదే ఇది. ఈ విషయంలో మీ మామగారి మాటకు సగం మద్దతు నేనే ఇస్తున్నాను. తొట్టి శుభ్రంగా ఉండడానికి పనిచేసేవాళ్లను మీరు పదిహేను రాత్రులు వెతికి వెతికి తొలగించారు.

ముళ్ల పురుగుల జాతుల్లో పగడాలను తినేవి లేకపోలేదు. అట్లాంటిక్, మధ్యధరా సముద్రాల్లో ఉండే గడ్డపు ఫైర్‌వార్మ్ హెర్మోడీస్ కరంక్యులేటా నిజంగానే పగడాలను నములుతుంది. 2009లో ఇంగ్లండ్‌లోని న్యూకీ పట్టణపు ప్రదర్శన ఆక్వేరియంలో పగడాలు తెగిపడుతుంటే కారణం తెలియక, చివరికి తొట్టిని విప్పదీసి చూస్తే దాదాపు నాలుగడుగుల పురుగు బయటపడింది. దానికి అక్కడి సిబ్బంది బారీ అని పేరు పెట్టారు. ఈ కథ విన్నవాళ్లందరికీ తమ రాయి కింద కూడా ఒక బారీ ఉందన్న అనుమానం పట్టుకుంటుంది. అటువంటి పెద్ద పురుగు తింటే పగడం కొమ్మలే మాయమవుతాయి గానీ, ఆవగింజంత గుండ్రటి మచ్చలు పడవు.

ఆ మచ్చలే మీ తొట్టిలో అసలు సాక్ష్యం. పగడాలను తినే జీవుల్లో ఎక్కువ భాగం మనకు కనబడకుండా ఉండడంలో ఆరితేరినవి; అందువల్ల జీవిని వెతకడం కంటే గాయాన్ని చదవడం తొందరగా ఫలితమిస్తుంది. గాయం కొమ్మ చివర ఉందా, మొదట్లో ఉందా, వెలుతురు పడే వైపు ఉందా, నీడవైపు ఉందా, అంచు గీసినట్టు ఉందా, చుక్కలుగా ఉందా అని చూడాలి. ఇంకా ముఖ్యంగా, పక్కనే ఉండి కూడా ఏ జాతి చెక్కుచెదరకుండా ఉందో చూడాలి. ఈ శత్రువుల్లో చాలావాటికి ఒకే రకం ఆహారం కావాలి. ఆక్రోపోరా తినేది మాంటిపోరా జోలికి పోదు, జోయాంథిడ్ తినేది ఆ రెండింటినీ ముట్టదు. మీ టార్చ్ కోరల్, హామర్ కోరల్, తోలు పగడం నిక్షేపంగా ఉన్నాయని ఉత్తరం చివర ఎక్కడో ఒక ముక్క రాశారు. నా దృష్టిలో ఉత్తరం మొత్తంలో అంతకంటే విలువైన వాక్యం లేదు. దాన్నిబట్టి, మూడు రకాల పగడాలకు వచ్చిన మూడు బాధలకూ ఒకే దోషి ఉండాల్సిన అవసరం లేదని తెలుస్తోంది. మీరు ఒక్కణ్ణి వెతుకుతున్నారు కాబట్టే దొరకడం లేదు.

ఆక్రోపోరాల సంగతి తీసుకుందాం. గుండ్రటి మచ్చలు, అవి కూడా కొమ్మల అడుగున, నీడవైపున. దానితో పాటు మొత్తంగా రంగు వెలిసిపోవడం, పాలిప్‌లు, అంటే పగడంలోని చిన్న చిన్న నోళ్లు, లోపలికి ముడుచుకుపోవడం. ఇవన్నీ కలిస్తే మొదటి అనుమానం ఆక్రోపోరా తినే ఫ్లాట్‌వార్మ్ మీదికే వెళ్తుంది. ఇది బల్లపరుపుగా, కోడిగుడ్డు ఆకారంలో, కొన్ని మిల్లీమీటర్ల పొడవుతో ఉండే పురుగు. దాని ఒళ్లు దాదాపు పారదర్శకం. పగడపు కణజాలంతో పాటు అందులోని శైవలాలను కూడా మింగడం వల్ల పగడం రంగే దానికీ వస్తుంది. అందుకే కళ్లెదుట ఉన్నా కనిపించదు. దీనికి శాస్త్రీయ నామం పెట్టినది 2011లో మాత్రమే, అదీ ఆక్వేరియంలలో దొరికిన నమూనాలను చూసి. సహజ సముద్రంలో దీన్ని గుర్తించిన తొలి నివేదిక ఆ మరుసటి ఏడు ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్ నుంచి వచ్చింది. ఇళ్లల్లో తొట్లు పాడుచేసిన పురుగు పుట్టిల్లు ఆ తరువాత గానీ తెలియలేదన్నమాట. నేను తొలిసారి దీని బారిన పడినప్పుడు, రెండు నెలల పాటు లైటును తప్పుపట్టి, కొత్త లైటు కూడా కొన్నాను.

పురుగు కనబడకపోయినా గుడ్లు కనబడతాయి. సజీవ కణజాలం మీద కాకుండా, దానికి కాస్త కిందుగా, చచ్చి తెల్లబడిన అస్థిపంజరం మీద తేనెరంగు చుక్కల గుంపుగా అంటించి ఉంటాయి. మీ ఆరో ఫొటోలో ఆకుపచ్చ పగడం మొదట్లో, రాయికి అతికించిన జిగురు పైన, గోధుమరంగు మరక ఒకటుంది. ఫొటో మసకగా ఉంది కాబట్టి అవి గుడ్లేనని ఖాయంగా చెప్పలేను. భూతద్దం పెట్టి చూడదగ్గ చోటు మాత్రం అదే.

మాంటిపోరా విషయంలో నాకు అంత నమ్మకం లేదు. మాంటిపోరాను తినే న్యూడిబ్రాంక్ అనే పెంకులేని సముద్రపు నత్త ఒకటుంది. తెల్లగా, కొన్ని మిల్లీమీటర్ల పొడవుతో, వీపు మీద కుచ్చుల్లాంటి వేళ్లతో ఉంటుంది. పెంపకందారులకు ఎన్నో ఏళ్లుగా తెలిసిన ఈ చీడకు 2020లో గానీ ఫెస్టిల్లా సబొడియోసా అన్న పేరు రాలేదు. అది పళ్లెం అడుగున చేరి, అంచు నుంచి లోపలికి తింటూ పోతుంది. తిన్న మేర సుద్దముక్కలా తెల్లగా మిగులుతుంది, గుడ్లు కూడా అడుగునే పెడుతుంది. అయితే మీ నాలుగో ఫొటోలో, తెల్లబడిన అంచుకు సరిగ్గా పైన మీ కొత్త ఆక్రోపోరా ముక్క నీడ పడుతోంది. వెలుతురు అందని మాంటిపోరా కణజాలం ఏ పురుగు ప్రమేయమూ లేకుండానే చచ్చిపోతుంది. పళ్లాన్ని ఊడదీసి తిరగేసి చూడనిదే ఈ రెండింటినీ వేరు చేయలేము. అడుగున తెల్లటి గుడ్లో, దూదిపింజల్లాంటి నత్తలో కనబడితే న్యూడిబ్రాంక్. ఏమీ లేకపోతే, పైనున్న ముక్కను జరిపి మూడు వారాలు ఆగండి.

జోయాంథిడ్లకు కూడా వాటిని తినే న్యూడిబ్రాంక్‌లున్నాయి. పాలిప్‌ల మధ్య నక్కి, వాటి రంగునే పులుముకుని ఉంటాయి. సన్‌డయల్ నత్త అని మరొకటుంది. పెంకు మీద గోధుమ, తెలుపు గళ్లు చదరంగపు బల్లలా చుట్లు తిరిగి ఉంటాయి కాబట్టి ఒక్కసారి చూస్తే మరిచిపోరు. అద్దం మీది ఆస్టెరినా నక్షత్ర చేపలు చాలావరకు నాచు తినేవే, అక్కడక్కడ కొన్ని జోయాంథిడ్ల మీద చెయ్యి చేసుకుంటాయి. కానీ మీ పాప రాయి విషయంలో వీటన్నిటి కంటే ముందు అనుమానించవలసింది మిమ్మల్నేనండీ. ఆ రాయి పక్క సందుల్లోనే పదిహేను రాత్రులుగా టార్చి వేసి పట్టకారుతో కెలుకుతున్నారు. దానికి తోడు ఆరో క్రాబ్ ఒకటి పొడుగు కాళ్లతో దాని మీదుగా నడుస్తోంది. ఏ జోయాంథిడైనా ముడుచుకునే కూర్చుంటుంది.

ఇక నీళ్ల సంగతి. ఆల్కలినిటీ (నీటి క్షారత) ఆగస్టులో 8 డి.కె.హెచ్. (దాన్ని కొలిచే ప్రమాణం), అక్టోబరులో 10.8; నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అని రాసి, నీళ్లు పర్ఫెక్ట్ అని తేల్చారు. నేను ఆ మాట అనలేను. కొత్త ఉప్పు వల్ల ఆల్కలినిటీ ఎగబాకింది, పోషకాలు అడుగంటాయి. ఈ రెండూ కలిసినప్పుడు ఆక్రోపోరాలకు కొమ్మ చివరలు కాలినట్టు తెల్లబడతాయి, రంగు పోతుంది, ఒక్కోసారి మొదలు నుంచి కణజాలం నెమ్మదిగా ఊడిపోతుంది. అంటే మీ లక్షణాల్లో కొన్ని నీటివల్ల వచ్చి ఉండవచ్చు, గుండ్రటి మచ్చలు మాత్రం నీటివల్ల రావు. పురుగులు ఉన్నంత మాత్రాన నీటి తప్పు ఒప్పు కాదు. పైగా, మందులో ముంచి తీసే చికిత్సను తట్టుకోవలసిన పగడాలు నీటి మార్పుతో ముందే అలిసిపోయి ఉంటే ఎక్కువ చచ్చిపోతాయి. ఆల్కలినిటీని ఒక్కరోజులో కిందికి లాగకుండా, వారం పది రోజుల్లో 8, 8.5 దగ్గరికి తెచ్చి అక్కడే నిలపండి. చేపలకు కాస్త ఎక్కువ మేత వేసి, నైట్రేట్ 2 నుంచి 10 పి.పి.ఎం. మధ్య, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 మధ్య కనబడేలా చూడండి. పరీక్ష కిట్‌లో సున్నా చూసి సంబరపడే అలవాటు మనందరికీ ఉంది.

రెడ్ బగ్స్ అనే మరో అనుమానితుడున్నాడు గనుక ఒక్క మాట. టెగాస్టెస్ అనే ప్రజాతికి చెందిన ఈ సూక్ష్మ జలచరాలు అర మిల్లీమీటరు ఉంటాయి. పసుపు ఒంటి మీద ఎర్రటి చుక్క. నున్నని చర్మమున్న ఆక్రోపోరాల మీద పాకుతూ రంగును వెలవెలబోయేలా చేస్తాయి, మచ్చలు పెట్టవు. ఫోన్ కెమెరాకు మాక్రో కటకం తగిలించి చూస్తే తెలిసిపోతుంది. వాటికి వాడే మందు కుక్కలకు హార్ట్‌వార్మ్ రాకుండా పశువైద్యులు ఇచ్చే మిల్బెమైసిన్. అది రొయ్యలనూ పీతలనూ కూడా చంపుతుంది, ఫ్లాట్‌వార్మ్‌ను మాత్రం చంపదు. గుర్తించకుండా మందు వేస్తే జరిగేది ఇదే. ఏ మందు వాడాలని అడిగారు. ఎవరి మీద అన్నది తేలే దాకా నా జవాబు, ఏదీ వద్దు.

తేల్చుకోవడానికి ఒక సాయంత్రం చాలు. ఒక తెల్లటి ప్లాస్టిక్ డబ్బాలో తొట్టి నీళ్లే తీసుకోండి. ఆకుపచ్చ ఆక్రోపోరాను రాయి నుంచి ఊడదీసి అందులో ఉంచి, టర్కీ బేస్టర్ (రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం)తో కొమ్మల సందుల్లోకి, అడుగు నుంచి పైకి, గట్టిగా నీళ్లు కొట్టండి. ఫ్లాట్‌వార్మ్‌లుంటే కొన్ని ఊడి, చిరిగిన ఉల్లిపొరల్లా తేలి, డబ్బా అడుగుకు చేరి మెలికలు తిరుగుతాయి. ఆ తరువాత పగడాలను ముంచడానికే తయారైన అయోడిన్ మందు, అంటే డిప్‌ను సీసా మీద రాసిన మోతాదులో వేరే డబ్బాలో కలిపి, అందులో ముంచి, మళ్లీ బేస్టర్‌తో కొట్టండి. మిగిలినవి అప్పుడు వదులుతాయి. బయటికి తీశాక మొదలు భాగాన్ని భూతద్దంతో చూడండి. తెల్లటి డబ్బా ఎందుకంటే, నల్లటి బకెట్టులో వీటిని చూసినవాళ్లు లేరు. ఒక పగడంలో ఏమీ రాలకపోతే, మచ్చలు ఎక్కువగా ఉన్న ఇంకొకదానితో అదే పని చేయండి.

పురుగులే అని తేలితే మీ ముందు మూడు దారులున్నాయి, దేని ఖరీదు దానిది.

మొదటిది నిర్మూలన. ఈ ఫ్లాట్‌వార్మ్‌కు ఆక్రోపోరా తప్ప ఆహారం లేదు, కాబట్టి పెద్ద తొట్టిలో రెండు నెలల పాటు ఒక్క ఆక్రోపోరా కూడా లేకుండా చేస్తే అక్కడి పురుగులు ఆకలితో అంతరిస్తాయి. అన్ని ఆక్రోపోరాలనూ తీసి, చచ్చిన మొదలును గుడ్లతో సహా కోసి పారేసి, బతికి ఉన్న కొమ్మలను మాత్రమే కొత్త ప్లగ్గుల (ముక్కలను నిలబెట్టే చిన్న దిమ్మల) మీద జిగురుతో అతికించి, ఇసుక లేని వేరే చిన్న తొట్టిలో పెట్టాలి. అక్కడ వారానికొకసారి చొప్పున కనీసం ఆరు వారాలు డిప్‌లో ముంచాలి. ఇన్నిసార్లు ఎందుకంటే, ఏ డిప్ కూడా గుడ్లను చంపదు. గుడ్డు పొదగడానికి ఉష్ణోగ్రతను బట్టి రెండు మూడు వారాలు పట్టవచ్చు. పుట్టిన పిల్ల పెరిగి మళ్లీ గుడ్లు పెట్టే లోపే దాన్ని రాల్చాలి. చాలామంది ఓడిపోయేది ఇక్కడే. రెండుసార్లు ముంచుతారు, మూడోసారి ఏమీ రాలదు, గెలిచామనుకుని తొట్టిలో పెట్టేస్తారు. ఇందులో ఇంకో చిక్కు ఉంది. రాయి మీదికి పాకి కరుచుకున్న మొదళ్లను ఉలితో చెక్కి తీయాలి, లేదా ఎపాక్సీ ముద్దతో పూర్తిగా కప్పేయాలి. గోరంత కణజాలం మిగిలినా పురుగులకు అది రెండు నెలల గ్రాసం. డబ్బు, శ్రమ, ఒక మూల కొత్త తొట్టి, ఎంతో కొంత నష్టం, ఇవన్నీ ముందే ఒప్పుకుని దిగవలసిన దారి ఇది. మీ భార్యతో మాట్లాడకుండా మాత్రం దిగకండి. మీ ఉత్తరాన్నిబట్టి ఆవిడ అభ్యంతరం తొట్టి మీద కన్నా ఆ అర్ధరాత్రుల మీదే ఉన్నట్టుంది. వారానికి ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు అని చెప్పి, అంతకే కట్టుబడి ఉండగలిగితే ఈ దారి సాధ్యమే.

రెండోది సహజీవనం. తీయగలిగినవాటిని తీసి ముంచుతూ, తీయలేనివాటి మీద వారానికి రెండుసార్లు బేస్టర్‌తో నీళ్లు కొడుతూ, రాలిన పురుగులను తినడానికి పసుపు కోరిస్ రాస్ లాంటి చేపనొకదాన్ని పెట్టుకోవడం. చేప గుడ్లను తినదు, కొమ్మల లోపలి పురుగులను అందుకోలేదు, సంఖ్యను అదుపులో పెడుతుంది, అంతే. బలమైన పగడాలు ఇలా ఏళ్ల తరబడి నెట్టుకొస్తాయి, సున్నితమైనవి పోతాయి. తక్షణం ఖర్చు తక్కువ. కానీ ఈ దారి ఎంచుకున్నవాళ్లు తమ తొట్టి నుంచి ఒక్క ఆక్రోపోరా ముక్క కూడా బయటికి ఇవ్వకూడదు, ఎప్పటికీ.

మూడోది ఆక్రోపోరాలను వదులుకోవడం. దీన్ని ఓటమి అనుకునేవాళ్లున్నారు, నేను అనుకోను. మీ టార్చ్, హామర్, తోలు పగడాలు, పాప జోయాంథిడ్లు అన్నీ ఉంటాయి. ఆహారం లేని పురుగులు వాటంతటవే పోతాయి. ఆరు నెలలో ఏడాదో గడిచాక మళ్లీ మనసైతే, ఈసారి ఏ ముక్కనైనా ప్లగ్గు ఊడగొట్టి, ముంచి, ఆరు నుంచి ఎనిమిది వారాలు విడిగా ఉంచి చూశాకే లోపలికి తెచ్చుకోవచ్చు. మీరు అలిసిపోయారన్నది ఉత్తరంలో ప్రతి పేజీలోనూ కనబడుతోంది కాబట్టి, నేను ఈ దారినీ మొదటిదానితో సమానంగా తూచి చూడమంటాను. రెండోదాని వైపు నాకు మొగ్గు లేదు.

నాలుగో దారిగా మీకు ఎవరో చెప్పిన రాళ్లు ఉడకబెట్టే పని మాత్రం కలలో కూడా తలపెట్టకండి. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం సామెతకే పరిమితం కావాలి గానీ, ఇక్కడ అది అక్షరాలా ప్రాణాల మీదికి వస్తుంది. జోయాంథిడ్లు, వాటి బంధువులైన పాలిథోవాల్లో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. సముద్రజీవుల్లో తెలిసిన అత్యంత తీవ్రమైన విషాల్లో అదొకటి. రాయిని ఉడికించినా, వేడినీళ్లు పోసి రుద్దినా ఆవిరితో, తుంపరలతో పాటు అది గాలిలో కలిసి ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. 2018లో ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒకాయన తన ఆక్వేరియం శుభ్రం చేస్తుండగా ఈ విషం వెలువడి, ఇంటిల్లిపాదీ, సాయానికి వచ్చినవాళ్లలో కొందరు కూడా ఆసుపత్రి పాలయ్యారు. మీ ఇంట్లో ఎనిమిదేళ్ల పాప, పెద్దాయన ఉన్నారు. ఆ రాయిని ముట్టుకోవలసి వస్తే చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని నీళ్లలో ఉండగానే పని కానివ్వండి. గట్టి బ్రష్‌తో రుద్దడం, గాలిలో కోయడం వద్దు.

అన్నయ్యకు చెప్పాలా అని అడిగారు. చెప్పాలి. అయితే ఆరోపణగా చెప్పడానికి మీ దగ్గర ఆధారం లేదన్నది ముందు మీరు గుర్తించాలి. సంతలో కొన్న రెండు ముక్కలు అంతకు నెల ముందే మీ తొట్టిలో చేరాయి. పురుగు వాటితో వచ్చి ఉండవచ్చు, ఆయన ముక్కలతో వచ్చి ఉండవచ్చు. ఏడింటినీ విడిగా ఉంచకుండా కలిపేశారు కాబట్టి ఇప్పుడది ఎప్పటికీ తేలదు. అలా కలిపిన చేయి మీది. చెప్పకపోతే మాత్రం, ఆయన తొట్టిలో కూడా అదే ఉన్న పక్షంలో మచ్చలు ముదిరే దాకా ఆయనకు తెలియదు, ఈ లోపు ఆయన ఇంకెవరికో ప్రేమగా ముక్కలు కోసి ఇస్తారు. ‘అన్నయ్యా, మా తొట్టిలో ఆక్రోపోరా తినే పురుగు బయటపడింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియదు, నేనూ విడిగా ఉంచకుండా అన్నీ కలిపేశాను. మీవి కూడా ఒకసారి తెల్లటి డబ్బాలో కడిగి చూసుకోండి’ అంటే సరిపోతుంది. డబ్బా అడుగున పడ్డ పురుగు ఫొటో కూడా పంపండి. మాటకన్నా అది తొందరగా పని చేస్తుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే స్వభావం ఆయనకు ఉంటే రెండు రోజులు ముభావంగా ఉంటారేమో. మూడో రోజు ఆయనే భూతద్దం పట్టుకుంటారు. పగడాలు పెంచేవాళ్లెవరూ అనుమానం పడ్డాక చూడకుండా ఉండలేరు.

బావమరిది గారికి ముక్క తీసుకెళ్లే ఆలోచన పూర్తిగా మానుకోండి. మీ ఆక్రోపోరాల్లాంటి రాతి పగడాలన్నీ, అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి కాబట్టి అనుమతి పత్రాలు లేకుండా దేశం సరిహద్దు దాటించకూడదు. భారతదేశంలో 2001 నుంచి ఇవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని మొదటి షెడ్యూలులో, అంటే పులితో పాటు, ఉన్నాయి. విశాఖపట్నం విమానాశ్రయంలో ‘ఇది మా ఇంట్లో పెరిగిన ముక్కండీ’ అన్న వివరణ మిమ్మల్ని కాపాడదు. ఉంగరంలో పొదిగే ఎర్ర పగడం వేరే జీవి, దాన్ని చూసి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

గృహప్రవేశం మిత్రుడికి ఇప్పుడు ఏ ముక్కా ఇవ్వకండి, మీ డబ్బా పరీక్షలో ఏమీ రాలకపోయినా సరే. మొదటి దారి ఎంచుకుంటే, చివరి రెండు డిప్‌లలో ఒక్క పురుగూ రాలని రోజున, కొత్త ప్లగ్గు మీద కోసి ఇవ్వవచ్చు. అది వసంతానికి గానీ కుదరదు. ఈ లోపు ఆయన కొత్త తొట్టి కూడా కుదురుకుంటుంది. నెల నిండని నీళ్లలో ఆక్రోపోరా ఎలాగూ బతకదు, కారణం అడిగితే ఆ మాట కూడా చెప్పండి.

ఆరో క్రాబ్‌ను దుకాణంలో తిరిగి ఇచ్చేయండి, బోను అటకెక్కించండి. జోయాంథిడ్ల రాయి వైపు అయిదు రాత్రులు టార్చి వేయకండి, చెయ్యి పెట్టకండి. పొద్దున్న బడికి వెళ్లే ముందు ఎన్ని విచ్చుకున్నాయో లెక్కపెట్టి కాగితం మీద రాసే పని పాపకు అప్పగించండి. ఆ అంకె పెరుగుతూ పోతే అక్కడ పురుగు లేదు. అయిదో రోజుకీ పెరగకపోతే, పాలిప్‌ల సందుల్లో గళ్ల పెంకు నత్త కోసం, రంగు పులుముకున్న న్యూడిబ్రాంక్ కోసం పగటి వెలుతురులోనే వెతికి, ఆ కాగితంతో సహా నాకు రాయండి.